ఆకాశంలో మీఖాత్

హైదరాబాద్ నుంచి జిద్దాకు ఆకాశమార్గాన సుమారు 4,100 కిలోమీటర్లు. నేరుగా వెళ్లే విమానానికి ఇంచుమించు ఆరు గంటలు. అక్కడి గడియారం మనకన్నా రెండున్నర గంటలు వెనుక.

1995 వరకు మన హాజీలు ముంబయి నుంచి ఓడల్లోనూ వెళ్లేవారు. యలమ్‌లమ్ సమీపించేలోగా ఇహ్రామ్‌కు కావలసినంత తీరిక ఉండేది. విమానమో నిమిషానికి 13 కిలోమీటర్లకు పైగా పోతుంది. ఖర్నుల్ మనాజిల్ హద్దు జిద్దాలో దిగకముందే దాటిపోతుంది. దిగాక ఇహ్రామ్ కట్టుకుందామంటే, అధిక ఉలమాల మాట ప్రకారం, మీఖాత్‌కు తిరిగి వెళ్లాలి. లేదా దమ్‌గా ఒక జంతువును ఖుర్బానీ ఇవ్వాలి.

అందుకే ముందుగా మక్కాకు వెళ్లే సోదరులకు మేము చెప్పేది ఒకటే. ఇంటివద్దే గుసుల్ చేసి ఇహ్రామ్ వస్త్రాలు ధరించండి. దారిలో నిద్ర పడుతుందనుకుంటే విమానం ఎక్కగానే నియ్యత్ చేసి తల్బియా పలకండి. జీవితకాలపు ఆశ ఒక్క కునుకుతో లోపం కాకూడదు.