కంప్యూటర్ లోపలి తపాలా: తలుపు ఎటు తెరిచి ఉంది?

మా బడి ల్యాబ్‌లో ఉన్నవి లైనక్స్ కంప్యూటర్లు. ఒకరోజు టెర్మినల్ తెరవగానే ‘మీకు ఉత్తరం వచ్చింది’ అనే అర్థంలో ఒక వాక్యం కనిపించింది. "సార్, దీనికి నెట్టే లేదు కదా, ఉత్తరం ఎవరు రాశారు?" అని తొమ్మిదో తరగతి అమ్మాయి అడిగింది.

రాసింది ఆ కంప్యూటరే. యునిక్స్ తరహా వ్యవస్థల్లో వేళకు జరగాల్సిన పనులను ‘క్రాన్’ అనే ప్రోగ్రాం చూస్తుంది. ఆ పనుల్లో ఏదైనా సందేశం వస్తే ఉత్తరంగా పంపుతుంది. దాన్ని చేరవేయడానికి చాలా కంప్యూటర్లలో చిన్న మెయిల్ సేవ ఒకటి నడుస్తుంటుంది. అది లోపలి ఉత్తరాలే తీసుకుంటుందా, బయటివారివి కూడా తీసుకుంటుందా అన్నదే అసలు ప్రశ్న.

1988 నవంబరు 2న అమెరికాలో రాబర్ట్ మోరిస్ అనే విద్యార్థి వదిలిన ప్రోగ్రాం వేల కంప్యూటర్లను స్తంభింపజేసింది. అది దూరిన దారుల్లో ‘సెండ్‌మెయిల్’ ఒకటి. తప్పులు వెతకడానికి పెట్టుకున్న ‘డీబగ్’ సదుపాయం చాలా కంప్యూటర్లలో తెరిచే ఉంది. వాడేవారిలో చాలామందికి ఆ సంగతే తెలియదు.

ఆ తర్వాత కూడా సెండ్‌మెయిల్ ఎవరు ఎవరికి పంపమన్నా ఉత్తరం చేరవేసేది. చెత్త మెయిళ్లు పంపేవారికి అది వరమైంది. అలా దుర్వినియోగమైన కంప్యూటర్ నిషేధిత జాబితాకెక్కితే, దాని నుంచి వెళ్లే అసలు ఉత్తరాలూ తిరిగొస్తాయి. 1998లో వచ్చిన 8.9 వెర్షన్ నుంచి ఆ దారిని మూసే ఇస్తున్నారు. కావాలనుకున్నవారే తెరుచుకోవాలి. నేడు ఓపెన్‌బీఎస్‌డీలోనూ మెయిల్ సేవ మొదట సొంత కంప్యూటర్‌కే పరిమితం.

మా లాంటి బళ్లకు ఇది పెద్ద సంగతే. ల్యాబ్‌ను లెక్కల మాస్టారో, తెలుగు టీచరో చూసుకుంటారు. సెట్టింగులు మార్చే తీరిక ఎవరికీ ఉండదు. ఎలా వచ్చిందో అలాగే ఏళ్ల తరబడి నడుస్తుంది. అందుకే వచ్చిన స్థితే మనకు రక్ష, లేదా ముప్పు.

ఒక్కసారి చూసుకోండి. టెర్మినల్‌లో ఇంగ్లిషు చిన్న అక్షరాల్లో ఎస్, ఎస్ కొట్టి, ఖాళీ వదిలి, అడ్డగీత పెట్టి, దాని పక్కనే ఎల్, టి, ఎన్ కొట్టండి. వచ్చే జాబితాలో 127.0.0.1:25 అని ఉంటే ఆ సేవ లోపలివారికే. 0.0.0.0:25 అని ఉంటే అన్ని వైపుల నుంచీ వింటోందని అర్థం. మధ్యలో ఫైర్‌వాల్ లేకపోతే బయటివారు కూడా తలుపు తట్టగలరు. 25 అంకె ఎక్కడా లేకపోతే ఆ తలుపే లేదు.

ల్యాబ్ ఏర్పాటు చేసేవారు వచ్చినప్పుడు, "మెయిల్ సేవ బయటికి తెరిచి ఉందా?" అని ప్రధానోపాధ్యాయులు గానీ, బడి కమిటీలోని తల్లిదండ్రులు గానీ అడగాలి. మేము ఆ అమ్మాయి చేతే చూపించాం. మా ల్యాబ్‌లో 127.0.0.1 అనే వచ్చింది.