ముందు పట్టు... ఆ తర్వాతే ఎత్తు!

చీర్‌లీడర్లంటే మనకు 2008లో ఐపీఎల్‌ పరిచయం చేసిన హంగామానే గుర్తొస్తుంది. అమెరికాలో అది హైస్కూలు పిల్లల సాధన. డాలస్‌ శివార్లలోని ఫ్రిస్కో, ఇర్వింగ్‌ లాంటి చోట్ల స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకూ ఇది పిల్లల బడి ముచ్చటే. అలాంటి జట్టును ఎలా మొదలుపెడతారు, ఎలా నడుపుతారు?

‘ఫైవ్‌, సిక్స్‌, సెవెన్‌, ఎయిట్‌...’ లెక్క ముగిసేసరికి ఇద్దరమ్మాయిలు ఎదురెదురుగా నిలబడి, మోకాళ్లు వంచి అరచేతులు చాపుతారు. మూడో అమ్మాయి వాటిలో కాలు మోపుతుంది. నాలుగో అమ్మాయి వెనక నుంచి ఆమె చీలమండలు పట్టుకుంటుంది. మరో లెక్కకి ఆ మూడో అమ్మాయి అందరి భుజాల ఎత్తున నిటారుగా నిలబడి నవ్వుతూ ఉంటుంది.

పైనున్న పిల్ల ‘ఫ్లయర్‌’. మోసేవాళ్లు ‘బేస్‌’లు. వెనక కాపు కాసేది ‘బ్యాక్‌ స్పాట్‌’. ఫొటోలన్నీ ఫ్లయర్‌వే. అనుభవమున్న కోచ్‌ మాత్రం బ్యాక్‌ స్పాట్‌నే కనిపెట్టుకుని ఉంటారు. పట్టు తప్పితే పైనున్న పిల్ల తల, మెడ నేలకు తగలకుండా కాచుకోవాల్సింది ఆ అమ్మాయే మరి! బడిలో చీర్‌ జట్టు పెట్టాలనుకునేవాళ్లకు మొదటి పాఠం ఇక్కడే ఉంది. ఎత్తడం ఎవరైనా నేర్పుతారు, పట్టుకోవడం నేర్పిన జట్టే నిలుస్తుంది.

అబ్బాయిలతో మొదలు

1898 నవంబరులో ఓ ఫుట్‌బాల్‌ మ్యాచ్‌ జరుగుతుండగా, మిన్నెసోటా విశ్వవిద్యాలయ విద్యార్థి జానీ క్యాంప్‌బెల్‌ జనం ముందుకొచ్చి అందరిచేతా ఒక్క గొంతుతో నినాదాలు పలికించాడు. చీర్‌లీడింగ్‌కు ఆ రోజునే పుట్టినరోజుగా చెప్పుకుంటారు. చాలాకాలం అది మగపిల్లల వ్యవహారం. ఫ్రాంక్లిన్‌ రూజ్‌వెల్ట్‌, ఐసెన్‌హోవర్‌, రీగన్‌, చిన్న బుష్‌... ఈ అధ్యక్షులంతా చదువుకునే రోజుల్లో చీర్‌లీడర్లే. రెండో ప్రపంచయుద్ధానికి అబ్బాయిలు తరలిపోయాక ఆ బాధ్యత అమ్మాయిల చేతికొచ్చింది. 1948లో టెక్సస్‌లో లారెన్స్‌ హెర్కిమర్‌ మొదటి శిక్షణ శిబిరం పెట్టినప్పుడు వచ్చినవాళ్లు 52 మంది అమ్మాయిలు, ఒకే ఒక్క అబ్బాయి. తర్వాతి దశాబ్దాల్లో జిమ్నాస్టిక్స్‌ వచ్చి చేరింది. పల్టీలు, పిరమిడ్లు పెరిగాయి, వాటితోపాటే ప్రమాదాలూ.

ఆటేనా ఇది?

కోర్టులు కూడా తలపట్టుకున్న ప్రశ్న ఇది. కనెటికట్‌లోని క్విన్నిపియాక్‌ విశ్వవిద్యాలయం మహిళల వాలీబాల్‌ జట్టును తీసేసి, చీర్‌ను ఆటగా చూపబోయింది. సమాన అవకాశాల చట్టం కింద దాన్ని ఇంకా ఆటగా లెక్కించలేమని 2010లో న్యాయమూర్తి తేల్చారు. 2012లో పై కోర్టూ సమర్థించింది. సరిగ్గా అదే ఏడాది పిల్లల వైద్యుల సంఘం అమెరికన్‌ అకాడమీ ఆఫ్‌ పీడియాట్రిక్స్‌ మరోవైపు నుంచి మాట్లాడింది. మొత్తం దెబ్బల రేటు మిగతా ఆటలకన్నా తక్కువే అయినా, హైస్కూలు అమ్మాయిలకు ఆటల్లో తగిలే అత్యంత తీవ్రమైన గాయాల్లో సగానికిపైగా చీర్‌లీడింగ్‌వేనని చెబుతూ, దీన్ని ఆటగా గుర్తించమని కోరింది.

పేరులో ఏముందిలే అనుకుంటే పొరపాటే. ఆటల విభాగం కిందికొస్తే అర్హతగల కోచ్‌, గాయాలు చూసే అథ్లెటిక్‌ ట్రైనర్‌, సాధనకు జిమ్ము దక్కే వీలుంటుంది. ఉత్త ‘క్లబ్బు’గా మిగిలితే భోజనశాలలో బల్లలు జరుపుకొని గచ్చుమీద గెంతాల్సి రావచ్చు. అందుకే ప్రిన్సిపల్‌ దగ్గర ముందుగా తేల్చుకోవాల్సింది యూనిఫాం రంగు కాదు, జట్టు ఏ విభాగం కిందికొస్తుందన్నది.

మొదటి ఏడాది నేల మీదే

కొత్త జట్టుకు తొలి ఏడాది పాదాలు నేలమీదే ఉండటం మంచిది. చేతుల కదలికలు, గెంతులు, గొంతు... ఇవి కుదరడానికే ఒక సీజన్‌ పడుతుంది. ఆటా తెలియాలి. మనవాళ్లు బంతితో దూసుకెళ్తుంటే ‘డిఫెన్స్‌’ అని అరిస్తే నవ్వులపాలే. ఎత్తులు తర్వాత మెట్టుమెట్టుగా వస్తాయి: ముందు తొడ ఎత్తు, ఆపైన భుజం ఎత్తు, అది తడబడకుండా వచ్చాకే తలపైకి.

హైస్కూళ్ల జాతీయ సమాఖ్య నిబంధనల పుస్తకం కోచ్‌కి పెద్దబాలశిక్ష. తలపైకి ఎత్తే స్టంట్‌కి కాపుదారు తప్పనిసరి. మనిషిని గాల్లోకి విసిరే ‘బాస్కెట్‌ టాస్‌’ గట్టి నేలమీద కుదరదు. ముక్కుపుడక, చెవిదుద్దులు తీసేయాలి, జుట్టు మొహంమీద పడకూడదు. నిటారుగా నిలబడ్డప్పుడు నడుం కనిపించకూడదన్న నియమమూ ఉంది. దుస్తుల గురించి బెంగపడే అమ్మానాన్నలకు కాస్త ఊరట!

ఎంపిక అగ్నిపరీక్షే

ఎంపికలు చాలా బడుల్లో వేసవి సెలవులకు ముందే జరుగుతాయి. వర్సిటీ అంటే పెద్ద జట్టు, జేవీ అంటే దాని కింది జట్టు. ఎంపిక రోజు ఎంత మంట రేపగలదో చెప్పడానికి రెండు ఉదాహరణలు చాలు. 1991లో హ్యూస్టన్‌ దగ్గర ఓ తల్లి, కూతురికి చీర్‌ జట్టులో చోటు దక్కాలని పోటీ అమ్మాయి తల్లిని చంపించేందుకు బేరం పెట్టి అరెస్టయింది. 2017లో పెన్సిల్వేనియాలోని మహనోయ్‌లో వర్సిటీలో చోటు దొరకని అమ్మాయి స్నాప్‌చాట్‌లో బూతులు పెట్టింది. బడి ఆమెను ఏడాదిపాటు జేవీ జట్టు నుంచి తప్పించింది. వ్యవహారం సుప్రీంకోర్టుకెక్కి, 2021లో 8-1 ఓట్లతో ఆ అమ్మాయే గెలిచింది.

అందుకే బయటి న్యాయనిర్ణేతలు, రాతపూర్వక మార్కుల పట్టిక, ఎంపికకు ముందే తల్లిదండ్రుల సమావేశం అవసరం. హాజరు, మార్కులు, క్రమశిక్షణ, ఖర్చు... అన్నీ అక్కడే కాగితంమీద పెట్టి సంతకాలు తీసుకోవాలి. టెక్సస్‌లో 1984 నుంచీ ‘నో పాస్‌, నో ప్లే’ చట్టముంది, పాస్‌ మార్కులు తప్పితే మైదానంలోకి రానివ్వరు. చదువు ఏమైపోతుందోనని కంగారుపడే మనవాళ్లకు ఇది నచ్చే చట్టమే. ఇక యూనిఫాం, శిబిరం, ప్రయాణాల ఖర్చుకి కార్లు కడగడం, కేకుల అమ్మకం, తల్లిదండ్రులు నిధులు పోగుచేసే బూస్టర్‌ క్లబ్బు ఆదుకుంటాయి. జేబు బరువు చూసి పిల్లల్ని వదులుకోకుండా ఉండాలంటే ఈ లెక్క మొదట్లోనే వేసుకోవాలి.

మీ అమ్మాయో అబ్బాయో చీర్‌ జట్టులో చేరతానంటే ఆ సమావేశానికి తప్పక వెళ్లండి. మూడే ప్రశ్నలడగండి. కోచ్‌ ఎక్కడ శిక్షణ పొందారు? ప్రమాదం జరిగితే ఎవరు ఏం చేయాలో రాసిపెట్టారా? పిల్లలు పై మెట్టుకి సిద్ధమని ఎవరు, ఏం చూసి నిర్ణయిస్తారు? తడుముకోకుండా జవాబులొస్తే ధైర్యంగా సంతకం చేయండి. ‘అవన్నీ మేం చూసుకుంటాంలెండి’ అంటే మాత్రం, ఆ జట్టుకి ఎత్తడమే వచ్చనుకుని మరో ఏడాది ఆగండి.