సీఆర్ నుంచి సిండికేట్ దాకా: మన ఓటు ఎక్కడుంది?

మన ఇబ్రహీంపట్నం చుట్టూ ఉన్న ఇంజనీరింగ్ కాలేజీల్లో చదివేవాళ్ళలో చాలామందికి 18 నిండాయి. ఎమ్మెల్యేని, ఎంపీని ఎన్నుకునే హక్కు వచ్చేసింది. కానీ మన సెక్షన్ సీఆర్ ఎవరో మాత్రం చాలాచోట్ల వాట్సాప్ గ్రూప్‌లో మెసేజ్ వస్తేనే తెలుస్తుంది. దేశాన్ని ఎవరు నడపాలో చెప్పగలం, ల్యాబ్ టైమింగ్స్ గురించి మన తరఫున ఎవరు మాట్లాడాలో చెప్పలేం. ఇలా ఎందుకుంది, అసలు రూల్స్ ఏమంటున్నాయి అనేది ఒకసారి చూద్దాం.

పైన కూర్చునేది ఎవరు?

రాష్ట్ర యూనివర్సిటీల్లో పెద్ద నిర్ణయాలు తీసుకునే బాడీ పేరు ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్. పాతకాలం వాళ్ళు దీన్నే సిండికేట్ అనేవాళ్ళు. దానికి తోడు సెనేట్ అని ఇంకో పెద్ద సభ ఉండేది. 1926లో మొదలైన ఆంధ్ర యూనివర్సిటీ లాంటి చోట్ల డిగ్రీ పూర్తిచేసి పేరు రిజిస్టర్ చేసుకున్న గ్రాడ్యుయేట్లు తమ ప్రతినిధుల్ని ఓటేసి సెనేట్‌కి పంపేవాళ్ళు. అంటే చదువు అయిపోయినా యూనివర్సిటీ విషయాల్లో మాట చెల్లేది.

1991లో వచ్చిన యూనివర్సిటీల చట్టం ఈ పద్ధతిని మార్చేసింది. ఉస్మానియా, ఆంధ్ర, శ్రీ వేంకటేశ్వర లాంటి యూనివర్సిటీలన్నీ ఒకే చట్టం కిందకి వచ్చాయి. ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్‌లోకి ఇప్పుడు పదవి రీత్యా వచ్చేవాళ్ళు, ప్రభుత్వం నామినేట్ చేసేవాళ్ళు ఉంటారు. అటానమస్ కాలేజీల గవర్నింగ్ బాడీ కూడా దాదాపు ఇంతే. మేనేజ్‌మెంట్ వాళ్ళు, ప్రిన్సిపాల్, టీచర్లు, బయటి నామినీలు. స్టూడెంట్‌కి అక్కడ కుర్చీ లేదు.

మరి స్టూడెంట్ యూనియన్లు?

ఒకప్పుడు ఉండేవి, గట్టిగా ఉండేవి. మాజీ ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు 1970ల మొదట్లో ఆంధ్ర యూనివర్సిటీ కాలేజీల స్టూడెంట్ యూనియన్ ప్రెసిడెంట్‌గా గెలిచినవారే. ఇంకోవైపు గొడవలు కూడా అంతే ఉండేవి. 1972 ఏప్రిల్ 14న ఉస్మానియా క్యాంపస్‌లో జార్జిరెడ్డి హత్య జరిగింది. క్యాంపస్ హింస పేరు చెప్పి 1980ల చివర్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో స్టూడెంట్ యూనియన్ ఎన్నికలు ఆపేశారు.

ఇక్కడ ఒక విచిత్రం గమనించండి. దేశంలో ఓటు వయసు 21 నుంచి 18కి తగ్గింది 1989లో. అంటే దాదాపు ఒకే సమయంలో బయట మనకి ఓటు వచ్చింది, లోపల పోయింది. మన దగ్గరే గచ్చిబౌలిలో ఉన్న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ మాత్రం కేంద్రం కింద ఉంది. అక్కడ స్టూడెంట్స్ నేరుగా ఓటేసి యూనియన్‌ని ఎన్నుకుంటున్నారు.

లింగ్డో రూల్స్

ఎన్నికలు పెడితే గొడవలు, పెట్టకపోతే గొంతు ఉండదు. ఈ చిక్కు విప్పమని కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు 2005లో చెప్పింది. దాంతో మాజీ ప్రధాన ఎన్నికల కమిషనర్ జె.ఎం.లింగ్డో అధ్యక్షతన కమిటీ వేశారు. కమిటీ 2006 మేలో రిపోర్ట్ ఇచ్చింది. వాటిని అమలు చేయాలని అదే ఏడాది సెప్టెంబర్ 22న కోర్టు ఆదేశించింది. ముఖ్యమైనవి ఇవి:

1. డిగ్రీ స్టూడెంట్స్ అయితే 17 నుంచి 22 ఏళ్ళ లోపు వాళ్ళే పోటీ చేయాలి. నాలుగైదేళ్ళ ప్రొఫెషనల్ కోర్సులకి కొంచెం సడలింపు ఇవ్వచ్చు. రీసెర్చ్ స్కాలర్లకి 28.

2. పోటీ చేసే ఏడాది బ్యాక్‌లాగ్స్ ఉండకూడదు.

3. హాజరు 75 శాతం, లేదా యూనివర్సిటీ పెట్టిన కనీసం, ఏది ఎక్కువైతే అది. అంటే కండోనేషన్ కట్టి గట్టెక్కే బ్యాచ్ ఈ గేటు దాటలేదన్నమాట.

4. ఒక్కో అభ్యర్థి ఖర్చు 5,000 రూపాయలు దాటకూడదు. దాటితే ఎన్నిక రద్దు. రిజల్ట్ వచ్చిన రెండు వారాల్లో లెక్కలు చూపించాలి.

5. ప్రింట్ చేసిన పోస్టర్లు వద్దు. చేత్తో రాసినవే, అదీ చెప్పిన చోటే అంటించాలి. మైకులు, బండ్ల ర్యాలీలు బంద్.

6. నామినేషన్ నుంచి రిజల్ట్ దాకా మొత్తం 10 రోజుల్లో అయిపోవాలి.

7. ఆఫీస్ బేరర్ పోస్టుకి జీవితంలో ఒక్కసారే పోటీ.

వీటిలో ఎక్కువ రూల్స్ డబ్బునీ, బయటి రాజకీయాల్నీ ఆపడానికే అని చూడగానే తెలుస్తుంది. వయసు, హాజరు రూల్స్ వల్ల చదువు వదిలేసి క్యాంపస్‌లోనే సెటిల్ అయ్యే నాయకులు తగ్గుతారు. చేతి పోస్టర్ రూల్ వల్ల డబ్బున్నోడికీ లేనోడికీ తేడా తగ్గుతుంది.

పెద్దగా ఎవరూ మాట్లాడని ఒక పాయింట్ కూడా ఆ రిపోర్ట్‌లో ఉంది. క్యాంపస్‌లో ప్రశాంతంగా ఎన్నికలు జరిగే పరిస్థితి లేకపోతే కొంతకాలం నామినేషన్ పద్ధతి పెట్టుకోవచ్చు, కానీ కేవలం మార్కులు చూసి నామినేట్ చేయడం మంచిది కాదు అని చెప్పారు. టాపర్‌నే సీఆర్ చేసే అలవాటుకి ఇదే జవాబు. ఇంకా, ఐదేళ్ళలో నామినేషన్ నుంచి ఎన్నికలకి మారాలన్నారు. 2006 నుంచి లెక్కేస్తే ఆ గడువు 2011లోనే అయిపోయింది.

లెక్కింపు కూడా ఒక అల్గారిథమే

ఎన్నిక పెట్టడం ఒకటి, ఓట్లు ఎలా లెక్కపెట్టాలనేది ఇంకొకటి. ఒక సెక్షన్‌లో 60 మంది ఉన్నారనుకుందాం. రవికి 24, సనాకి 20, కీర్తనకి 16 ఓట్లు వచ్చాయి. మామూలు పద్ధతిలో రవి గెలుస్తాడు. కానీ 36 మంది రవి వద్దనుకున్నట్టే కదా.

ప్రాధాన్యత ఓటులో పేరు పక్కన 1, 2, 3 అని రాస్తాం. గెలవాలంటే సగం కంటే ఒకటి ఎక్కువ, అంటే 31 రావాలి. ఎవరికీ రాకపోతే ఆఖర్న ఉన్న కీర్తనని తీసేసి, ఆమె 16 ఓట్లలో రెండో ప్రాధాన్యత చూస్తాం. అందులో 12 సనాకి, 4 రవికి పోయాయనుకోండి. సనా 32, రవి 28. సనా గెలిచింది. ఒక వైల్ లూప్ రాస్తే సరిపోయే లాజిక్.

ఇదేదో పుస్తకాల్లో విషయం కాదు. మన ప్రాంతం ఉన్న మహబూబ్‌నగర్–రంగారెడ్డి–హైదరాబాద్ పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికకి ఇదే పద్ధతి. 2021లో అక్కడ 93 మంది పోటీ చేశారు. బ్యాలెట్ న్యూస్‌పేపర్ అంత అయింది, లెక్కింపు రోజుల తరబడి సాగింది. చివరికి సురభి వాణీదేవి గెలిచారు. అందరూ డిగ్రీలు చదివినవాళ్ళే, అయినా వేల ఓట్లు చెల్లలేదు. అంకె వేయాల్సిన చోట టిక్ పెడితే ఆ ఓటు పోయినట్టే. ఓటేయడం కూడా ప్రాక్టీస్ ఉంటేనే వస్తుంది. ఆ ప్రాక్టీస్‌కి కాలేజీ కంటే మంచి చోటు ఇంకేముంటుంది?

మనకి ఇప్పటికే ఉన్న ఒక ఓటు

ఇన్ని లేవు లేవు అనుకున్నాం కదా, ఒకటి మాత్రం ఉంది. లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే ఇంటర్నల్ కమిటీ ప్రతి కాలేజీలో ఉండాలి. యూజీసీ 2015 రెగ్యులేషన్స్ ప్రకారం స్టూడెంట్స్‌కి సంబంధించిన కేసు అయితే అందులో ముగ్గురు స్టూడెంట్స్ కూర్చోవాలి. డిగ్రీ, పీజీ, రీసెర్చ్ నుంచి ఒక్కొక్కరు. వాళ్ళని పారదర్శకంగా, ప్రజాస్వామ్య పద్ధతిలో ఎన్నుకోవాలని అందులో స్పష్టంగా రాసి ఉంది. నామినేట్ చేయాలని కాదు, ఎన్నుకోవాలని.

ఇది చిన్న విషయం కాదు. ఫిర్యాదు ఇవ్వాలా వద్దా అని రాత్రంతా ఆలోచించే ఒక అమ్మాయికి, ఆ టేబుల్ అవతల తను ఓటేసి పంపిన మనిషి ఒకరు ఉన్నారంటే ధైర్యం వేరే ఉంటుంది. పేరే తెలియని కమిటీ ముందుకి ఎవరు వెళ్తారు చెప్పండి?

కాబట్టి మనం మొదలుపెట్టాల్సింది పెద్ద యూనియన్ గురించి కాదేమో. మీ కాలేజీ నోటీస్ బోర్డులోనో వెబ్‌సైట్‌లోనో ఆ కమిటీ లిస్ట్ వెతకండి. స్టూడెంట్ పేర్లు ఉన్నాయా, ఉంటే ఎలా వచ్చాయి అని మర్యాదగా ఒక లెటర్ రాసి అడగండి. అలాగే వచ్చే సెమిస్టర్ సీఆర్‌ని ఓటుతో ఎన్నుకుంటామని మీ క్లాస్ టీచర్‌ని అడిగి చూడండి. అరవై చీటీలు, ఒక అట్టపెట్టె, పావుగంట టైమ్. అంతకన్నా ఖర్చేమీ లేదు.