పెన్‌డ్రైవుకు రేవు ఎక్కడ?

విద్యార్థులారా! మన నెల్లూరు తీరాన కృష్ణపట్నం రేవుకు వచ్చే ఓడను ఎక్కడపడితే అక్కడ నిలపరు. నిర్ణయించిన చోట కట్టివేసిన తరువాతనే సరుకు ఎక్కిస్తారు. లినక్స్ కంప్యూటరుకు పెన్‌డ్రైవు తగిలించినప్పుడు జరిగేదీ ఇటువంటిదే.

విండోస్‌లో పెన్‌డ్రైవుకు ‘ఇ’, ‘ఎఫ్’ వంటి అక్షరం లభిస్తుంది. లినక్స్‌లో అలా కాదు. అక్కడి ఫోల్డర్లన్నీ ఒకే చెట్టు కొమ్మలు. పెన్‌డ్రైవును వాటిలో ఒక ఫోల్డరుకు జతపరచాలి. దీనినే ‘మౌంట్’ చేయడం అంటారు.

మరి ఏ ఫోల్డరుకు? పూర్వం ఒక్కొక్కరిది ఒక్కొక్క పద్ధతి. ఈ చిక్కు తీర్చడానికి ఫోల్డర్ల అమరికపై ఒక ప్రమాణం ఏర్పడింది. దాని తొలిరూపం 1994లో వెలువడింది. తీసి పెట్టుకునే సీడీలు, ఫ్లాపీల వంటి వాటికి 2004 నాటి కూర్పు ‘మీడియా’ అనే ఫోల్డరును కేటాయించింది. ‘ఎం.ఎన్.టి.’ అనే ఫోల్డరు మాత్రం కంప్యూటరు నిర్వాహకుడు తాత్కాలికంగా వాడుకోవడానికి. నేడు ఉబుంటులో పెన్‌డ్రైవు ‘మీడియా’లో, మీ పేరుగల ఫోల్డరు కింద కనిపిస్తుంది. ఫెడోరాలోనైతే ‘రన్’ ఫోల్డరులోని ‘మీడియా’లో చూడాలి.

ఎక్కడైతేనేం అంటారా? ఒకసారి నేను మా బడి కంప్యూటరులో ‘ఎం.ఎన్.టి.’ కింద ‘పెన్’ అనే ఫోల్డరు తయారుచేసి, అందరికీ వాడుకునే అనుమతి ఇచ్చాను. ఒక విద్యార్థిని సైన్సు ప్రదర్శనకు రాసిన వ్యాసాన్ని అందులోకి కాపీ చేసింది. ఇంటికి వెళ్లి చూస్తే పెన్‌డ్రైవు ఖాళీ! మౌంట్ చేయడం మరచిపోయింది. మరునాడు పెన్‌డ్రైవును అక్కడే మౌంట్ చేసి వెదికాం. అప్పుడూ ఖాళీయే! పాప కళ్లనీళ్లు పెట్టుకుంది.

కారణం ఏమిటి? ఓడ రాకముందే దించిన సరుకు గట్టుమీదనే ఉండిపోయినట్లు, వ్యాసం కంప్యూటరు డిస్కులోనే ఉండిపోయింది. మౌంట్ చేయగానే ఫోల్డరులో అంతకుముందున్నవి మరుగున పడతాయి గాని చెరిగిపోవు. పెన్‌డ్రైవును అన్‌మౌంట్ చేశాం. వ్యాసం కనిపించింది!

తప్పు నాదే. ‘మీడియా’ పద్ధతిలో కంప్యూటరు తానే, పెన్‌డ్రైవు రాగానే ఫోల్డరు సృష్టించి, పోగానే తీసివేస్తుంది. ఓడ లేనప్పుడు రేవే ఉండదన్నమాట! ఇక పొరపాటుకు తావెక్కడ?

మరొక మాట. కాపీ చేసినదంతా వెంటనే పెన్‌డ్రైవులోకి చేరకపోవచ్చు. కొంత మెమరీలో వేచి ఉంటుంది. అన్‌మౌంట్ చేసినప్పుడు అదంతా పూర్తిగా రాయబడుతుంది. అందుచేత పెన్‌డ్రైవును ఉన్నపళంగా లాగివేయకండి. సరుకంతా ఎక్కకుండా ఓడను పంపుతామా?