గీతకు ఆవల చలి

చలిదేశాలలో కూడు, గుడ్డ, నీడ అనే మూడింటితో పేదరికపు లెక్క ముగియదు. ఇంటి లోపలి ఉష్ణోగ్రత అనే నాలుగో కొలత ఒకటి అక్కడ వచ్చి చేరుతుంది. ఇల్లు ఉండి, ఆ ఇంట్లో గ్యాస్‌తో నడిచే బాయిలర్ ఉండి, అది కాచిన వేడినీరు గొట్టాల గుండా ప్రతి గదిలోని రేడియేటర్‌కూ చేరే ఏర్పాటు ఉండి కూడా, నెల చివర వచ్చే బిల్లుకు భయపడి దానిని వెలిగించుకోలేని స్థితిని బ్రిటన్ విధాన పరిభాషలో ఇంధన పేదరికం అంటారు. శీతల ప్రాంతాలలో ఇంటిలోపల కనీసం 18 డిగ్రీల సెల్సియస్ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సూచించింది. ఆ అంకె తెలుగు పాఠకుడికి డిసెంబరు తెల్లవారుజామును తలపించవచ్చు గానీ, బ్రిటన్‌లో అది హీటర్ వెలిగిన తరువాత గది అందుకోవలసిన స్థాయి. దానికి దిగువన ఎక్కువ కాలం గడిపే వృద్ధులలో రక్తపోటు, శ్వాసకోశ వ్యాధులు, గుండెపోటు ముప్పు పెరుగుతాయి.

ఈ భావనకు కొలబద్ద సమకూర్చినది ఆక్స్‌ఫర్డ్ పరిశోధకురాలు బ్రెండా బోర్డ్‌మన్. ఇంటిని తగినంత వెచ్చగా ఉంచుకోవడానికి ఆదాయంలో పది శాతానికి మించి ఖర్చు చేయవలసి వచ్చే కుటుంబాన్ని ఇంధన పేద కుటుంబంగా లెక్కించాలన్న ఆలోచన 1991లో వెలువడిన ఆమె గ్రంథంతో స్థిరపడింది. ఆ నిర్వచనంలో ప్రాణప్రదమైనది ‘చేస్తున్న’ ఖర్చు కాదు, ‘చేయవలసిన’ ఖర్చు. హీటర్ ఆపుకొని దుప్పట్లలో ముడుచుకున్న కుటుంబానికి బిల్లు తక్కువగానే వస్తుంది కాబట్టి, ఆ బిల్లును చూసి ఇబ్బంది లేదని తీర్మానించడం పస్తున్నవాడి కిరాణా చిట్టా చూసి అతనికి ఆకలి లేదనడం వంటిది. ఇంగ్లండ్ ఈ పది శాతం గీతను 2013లోనే పక్కనబెట్టి, 2021లో, ఇంటి అద్దె లేదా రుణవాయిదాను, ఇంధన ఖర్చును తీసివేసిన తరువాత మిగిలే ఆదాయం పేదరిక రేఖకు దిగువన ఉండటంతో పాటు, ఆ ఇల్లు ‘ఎ’ నుంచి ‘జి’ వరకు సాగే ఇంధన సామర్థ్య శ్రేణులలో ‘డి’ లేదా అంతకన్నా తక్కువ శ్రేణికి చెందినదై ఉండాలని షరతు పెట్టింది. పర్యవసానంగా ‘సి’ శ్రేణి ఇంట్లో ఉన్న కుటుంబం ఎంత పేదదైనా ఈ లెక్కలోకి రాదు. 2022లో గ్యాస్, విద్యుత్ ధరలు ఎన్నడూ లేనంతగా పెరిగిన ఏడాదిలో ఇంగ్లండ్‌లో ఇంధన పేదలు 13 శాతం దగ్గరే నిలిచిపోగా, పది శాతం సూత్రాన్ని మరికొన్ని షరతులతో నిలుపుకున్న స్కాట్లండ్‌లో అదే ఏడాది ఆ సంఖ్య 31 శాతం. సరిహద్దు దాటగానే చలి రెట్టింపు కాలేదు, మారినది కొలబద్ద.

సాయం చేయదలచిన ప్రభుత్వానికి ఇక్కడే చిక్కు మొదలవుతుంది. ఏ ఇంట్లో ఎన్ని డిగ్రీలున్నాయో ఏ కార్యాలయానికీ తెలియదు కాబట్టి, ఎవరికి ఇవ్వాలో నిర్ణయించడానికి వయసు, వాతావరణం, ఇప్పటికే అందుతున్న మరేదో భృతి వంటి ఒక ఆనవాలును పట్టుకోవలసి వస్తుంది. ఆనవాలు ఏదైనా, గీతకు ఆవల వణికేవారూ ఈవల అక్కరలేనివారూ మిగులుతూనే ఉంటారు. 1997లో ఆర్థికమంత్రి గోర్డన్ బ్రౌన్ ఎంచుకున్న ఆనవాలు వయసు. ఆయన ప్రవేశపెట్టిన చలికాలపు ఇంధన చెల్లింపు (వింటర్ ఫ్యూయల్ పేమెంట్) తొలి శీతాకాలంలో సాధారణ పింఛనుదారు కుటుంబానికి 20 పౌండ్లే అయినా, కొద్ది సంవత్సరాలలో 200కు, ఎనభై దాటినవారున్న ఇంటికి 300 పౌండ్లకు పెరిగింది. దరఖాస్తు దాదాపు అవసరం లేకుండా, ఆదాయంతో నిమిత్తం లేకుండా, పన్ను లేకుండా ఆ సొమ్ము నేరుగా ఖాతాలో పడేది. దానిని ఇంధనానికే వాడాలన్న నియమమూ లేదు.

నియమం లేకపోయినా పేరు ఒక పని చేసింది. లండన్‌లోని ఫిస్కల్ స్టడీస్ సంస్థతో కలిసి పనిచేసిన ఆర్థికవేత్తలు వయోపరిమితికి ఇటూ అటూ ఉన్న కుటుంబాల ఖర్చును పోల్చి చూశారు. ఈ చెల్లింపు మామూలు ఆదాయమే అయి ఉంటే అందులో మూడు శాతం ఇంధనానికి వెళ్లవలసి ఉండగా, వాస్తవంలో నలభై శాతానికి పైగా వెళ్లిందని వారి అధ్యయనం తేల్చింది. పింఛనుతో పాటు వచ్చిన ప్రతి పౌండునూ ఆచితూచి దాచుకునే వృద్ధులకు, ‘ఇది వెచ్చదనం కోసం’ అన్న ఒక్క మాట హీటర్ మీట నొక్కే ధైర్యాన్ని ఇచ్చిందని దీనిని అర్థం చేసుకోవచ్చు. చేతికి నగదు ఇస్తే దుబారా అవుతుందని వాదించేవారు మళ్లీ మళ్లీ చదవవలసిన అధ్యయనం ఇది.

అయితే వయసును ఆనవాలుగా పట్టుకున్నందువల్ల కోటీశ్వరుడైన వృద్ధుడికీ ఆ సొమ్ము చేరేది. స్పెయిన్ తీరంలో స్థిరపడిన బ్రిటిష్ పింఛనుదారులకూ చేరేది. ఈ రెండోది ఏళ్ల తరబడి వెక్కిరింతలకు గురైన తరువాత 2015-16 శీతాకాలం నుంచి ఉష్ణోగ్రత పరీక్ష పెట్టి కొన్ని దేశాలను తొలగించారు. ఆ జాబితాలోకి ఫ్రాన్స్ ఎక్కిన తీరు ముచ్చటైనది: కరీబియన్ సముద్రంలో, హిందూ మహాసముద్రంలో ఉన్న ఫ్రెంచి దీవుల ఎండను కూడా కలిపి ఆ దేశపు సగటు తీయడంతో, ఆల్ప్స్ పర్వతాల మంచులో ఉంటున్నవారు సైతం లెక్క ప్రకారం వెచ్చని దేశవాసులయ్యారు.

అసలు కుదుపు 2024 జులై 29న వచ్చింది. కొత్తగా అధికారం చేపట్టిన లేబర్ ప్రభుత్వపు ఆర్థికమంత్రి రేచల్ రీవ్స్, ఇంగ్లండ్, వేల్స్‌లలో ఈ చెల్లింపును ప్రధానంగా పెన్షన్ క్రెడిట్ పొందుతున్నవారికి పరిమితం చేస్తున్నట్లు ప్రకటించారు. పెన్షన్ క్రెడిట్ అనేది అల్పాదాయ పింఛనుదారులకు, వారి ఆదాయాన్ని ఒక కనీస స్థాయికి చేర్చేందుకు ఇచ్చే భృతి. నాటి లెక్కలో ఆ స్థాయి ఒంటరి వ్యక్తికి వారానికి 218.15 పౌండ్లు. ఆ ఒక్క ప్రకటనతో లబ్ధిదారులు సుమారు 1.08 కోట్ల నుంచి 15 లక్షలకు తగ్గారు. గీతకు ఒక పౌండు దిగువన ఉన్న వ్యక్తికి మొత్తం సాయం, ఒక పౌండు ఎగువన ఉన్న వ్యక్తికి శూన్యం. తెలంగాణలో 2024 మార్చి నుంచి సున్నా బిల్లులు ఇస్తున్న గృహజ్యోతి పథకం తెలిసిన పాఠకులకు ఈ తర్కం కొత్త కాదు: తెల్ల రేషన్ కార్డు ఉండి నెలకు 200 యూనిట్లలోపు వాడిన ఇంటికి బిల్లు లేదు, 201వ యూనిట్ పడితే వాడకమంతటికీ బిల్లు వస్తుంది.

గీత ఎక్కడ గీశారన్నదానికన్నా పెద్ద లోపం, గీతకు దిగువన ఉన్నవారిలోనే అనేకులు పెన్షన్ క్రెడిట్ తీసుకోకపోవడం. అర్హత ఉండీ దరఖాస్తు చేయని కుటుంబాలు 8.8 లక్షల వరకు ఉంటాయని అప్పటి ప్రభుత్వ అంచనాయే చెబుతోంది. కాగితపు దరఖాస్తులో 243 ప్రశ్నలున్నాయని పత్రికలు లెక్కపెట్టి మరీ రాశాయి. ఫారం పొడవు ఒక అడ్డంకి అయితే, జీవితమంతా ఎవరి ముందూ చేయి చాచని మనిషి ముదిమిలో తన పేదరికాన్ని రుజువు చేసుకోవలసి రావడం అంతకన్నా పెద్ద అడ్డంకి. అక్కరలేనివారికి పోతున్న సొమ్మును ఆపాలన్న ఉద్దేశాన్ని తప్పుపట్టలేము గానీ, అందుకు ఎంచుకున్న జల్లెడ తౌడుతో పాటు బియ్యాన్నీ జారవిడిచింది.

2025 మే నెల స్థానిక ఎన్నికలలో లేబర్ పార్టీ చతికిలబడిన తరువాత ప్రధాని కియర్ స్టార్మర్ వెనక్కి తగ్గారు. జూన్ 9న ప్రకటించిన కొత్త పద్ధతి ప్రకారం సొమ్ము పింఛనుదారులందరికీ వెళుతుంది, ఏడాదికి 35,000 పౌండ్లకు మించిన ఆదాయం ఉన్నవారి నుంచి పన్నుల శాఖ దానిని తిరిగి రాబట్టుకుంటుంది. రుజువు చేసుకోవలసిన భారం ఇప్పుడు పేదవారి మీద లేదు. వడపోత ధనికుల వైపుకు మారింది. ఈ మార్పు ముందే తట్టకపోవడం ఆశ్చర్యమే.

మిగిలిన పథకాలు క్లుప్తంగా చెప్పుకోదగినవి. శీతల వాతావరణ చెల్లింపు (కోల్డ్ వెదర్ పేమెంట్) కొన్ని భృతులు పొందే కుటుంబాలకు, నవంబరు 1 నుంచి మార్చి 31 లోగా వారి ప్రాంతపు వాతావరణ కేంద్రంలో వరుసగా ఏడు రోజుల సగటు సున్నా డిగ్రీలకు చేరినప్పుడల్లా 25 పౌండ్లు ఇస్తుంది. సముద్రగాలి ఎముకలు కొరికే ద్వీపాలలో ఉష్ణోగ్రత సున్నాకు దిగకపోవడం వల్ల ఏమీ రాలేదన్న ఫిర్యాదుల తరువాత, స్కాట్లండ్ 2022-23 శీతాకాలం నుంచి దీని స్థానంలో వాతావరణంతో నిమిత్తం లేకుండా ఒకేసారి 50 పౌండ్లు ఇవ్వడం మొదలుపెట్టింది. 2011లో మొదలైన వార్మ్ హోమ్ డిస్కౌంట్ కింద విద్యుత్ కంపెనీలే బిల్లులో 150 పౌండ్లు తగ్గిస్తాయి. ఆ ఖర్చును మిగతా వినియోగదారుల బిల్లులలో సర్దుతారు కనుక, గీతకు కాస్త ఎగువన ఉన్న బీద కుటుంబం తనకు రాని రాయితీకి చందా కడుతూ ఉంటుంది.

2022 అక్టోబరు నుంచి ఆరు నెలల పాటు ప్రతి ఇంటికీ 400 పౌండ్లు ఇచ్చిన అత్యవసర పథకం ఇంకొక లోపాన్ని బయటపెట్టింది. బ్యాంకు ద్వారా నెలనెలా చెల్లించేవారికి ఆ సొమ్ము బిల్లులో దానంతటదే తగ్గింది. ముందుగా డబ్బు కట్టి వాడుకునే ప్రీపేమెంట్ మీటర్లలో పాత రకం ఉన్న ఇళ్లకు మాత్రం వోచర్లు పంపారు. వాటిని దుకాణంలోనో పోస్టాఫీసులోనో చూపించి తాళంచెవి వంటి పరికరంలో నింపుకోవాలి. గడువు ముగిసేనాటికి లక్షల వోచర్లు వాడకుండానే మిగిలాయి. ఆ మీటర్లు ఎక్కువగా ఉండేది బీదల ఇళ్లలోనే, పైగా బ్యాంకు ద్వారా కట్టేవారి శీతాకాలపు భారం వేసవి నెలలకూ సమంగా పరచుకుంటుండగా, వీరు జనవరి చలి ఖరీదును జనవరిలోనే కట్టాలి. డబ్బు అయిపోయి దీపం ఆరితే ఆ ఇంటిని కంపెనీ ఏమీ చేయలేదు, వారే కనెక్షన్ ఆపుకున్నట్లు లెక్క; దీనికి ‘స్వయం విచ్ఛేదం’ అనదగిన ఒక పారిభాషిక పదమే ఉంది. బకాయిదారుల ఇళ్లలోకి వారంట్లతో ప్రవేశించి ఈ మీటర్లు బిగించిన ఉదంతాలు వెల్లడైన తరువాత, 2023 ఫిబ్రవరిలో ఇంధన నియంత్రణ సంస్థ ఆఫ్‌జెమ్ ఆ పనిని నిలిపివేయమని కంపెనీలను కోరింది.

బ్రిటన్‌లో ఉన్న తెలుగు విద్యార్థులు, సంరక్షణ కేంద్రాల ఉద్యోగులు ఈ చిత్రంలో మరో అంచున ఉంటారు. ప్రభుత్వ నిధులను ఆశ్రయించరాదన్న షరతు వారి వీసాలకు ఉంటుంది కనుక, భృతులను ఆనవాలుగా తీసుకునే ఏ పథకమూ వారిని తాకదు. 2022 నాటి 400 పౌండ్లు విద్యుత్ కనెక్షన్‌ను బట్టి వచ్చినవి కాబట్టి పాస్‌పోర్టుతో నిమిత్తం లేకుండా వారి ఇళ్లకూ చేరాయి. అద్దెలోనే కరెంటు ఖర్చు కలిపి వసూలు చేసే యజమానులు ఆ సొమ్మును అద్దెదారులకు అందజేయాలని చట్టం చెప్పింది.

ఇన్ని పథకాల సొమ్మూ చివరకు చేరేది గోడలకే. ఐరోపాలోకెల్లా పాతవైన ఇళ్లలో బ్రిటన్ ఇళ్లు ముందుంటాయి. 1920కి పూర్వపు ఇటుక గోడలలో సాధారణంగా మధ్య ఖాళీ ఉండదు కాబట్టి, తరువాతి కాలపు జంటగోడలలో వలె వేడిని పట్టి ఉంచే పదార్థాన్ని నడుమ నింపే వీలులేక, లోపలో వెలుపలో మరో పొర తాపవలసి వస్తుంది. ఇళ్లకు ఇటువంటి మరమ్మతులు చేయించిన వార్మ్ ఫ్రంట్ అనే పథకం 2013లో మూతపడింది, ఆ దశాబ్దంలో ఏటా జరిగే పనుల సంఖ్య 2012 స్థాయిలో పదో వంతు దరిదాపులకు పడిపోయింది. అద్దె ఇళ్లలో పొర తాపించవలసినవాడు యజమాని, బిల్లు కట్టవలసినవాడు అద్దెదారు. ఒకరి పెట్టుబడి ఫలం మరొకరికి పోతుంది కనుక పని ముందుకు సాగదు. ఇంగ్లండ్, వేల్స్‌లలోని ప్రైవేటు అద్దె ఇళ్లు కనీసం ‘ఇ’ శ్రేణిలో ఉండాలన్న నియమం 2018లో కొత్త అద్దెలకు, 2020లో పాత అద్దెలకూ వర్తించింది. దానిని ‘సి’కి పెంచాలన్న ప్రతిపాదన 2030ని గడువుగా చూపుతోంది. ఆ లోగా ప్రతి నవంబరులోనూ చెల్లింపు ఖాతాలో పడుతుంది, బాయిలర్ వెలుగుతుంది, గదిలో చేరిన వేడి తెల్లవారేలోగా ఇటుకల గుండా వీధిలోకి పోతుంది.