పాట ఆపినా మోత ఆగలేదు!

సికింద్రాబాద్ రైల్వే స్టేషన్‌ను ఆనుకొని వున్న మా బోయిగూడలో చప్పుళ్ళకు కొదవ లేదు. రైళ్ళ కూతలు, టింబరు డిపోల్లో రంపాల గోల మాకు అలవాటే. అయినా ఒక ఇంట్లో ఓ చిన్న మోత అందర్నీ సతాయించింది. నా దగ్గర తొమ్మిదో తరగతి చదివే కుర్రాడొకడు వచ్చి, "సార్, తాతయ్య పాటలు పెట్టుకుంటే వెనకాల గుయ్‌మంటోంది. షాపతను కేబుల్ మార్చమన్నాడు. అదేమో మా నెల అద్దె అంత ధర వుంది!" అన్నాడు. ఆదివారం వస్తానన్నాను.

ఆ తాతగారి దగ్గర ఘంటసాల పాటల సి.డి.లు బోలెడు వున్నాయి. మనవడు వాటన్నిటినీ ఒక పాత లాప్‌టాప్‌లోకి ఎక్కించాడు. ఇలా పాటల్ని దాచిపెట్టి, అడిగినప్పుడు అందించే కంప్యూటర్‌ను మ్యూజిక్ సర్వర్ అంటారు. దాన్నుంచి ఒక యు.ఎస్.బి. కేబుల్ చిన్న పెట్టెలోకి వెళ్తుంది. ఆ పెట్టెనుంచి మరో కేబుల్ ఆంప్లిఫయర్‌కు, అక్కణ్ణుంచి వైర్లు స్పీకర్లకు. ఆ చిన్న పెట్టెను 'డాక్' అంటారు. మన కథంతా సర్వర్‌కూ డాక్‌కూ మధ్యనే జరుగుతుంది.

కంప్యూటర్‌లో పాట పాటలాగా వుండదు, అంకెలుగా వుంటుంది. సి.డి. తయారు చేసేటప్పుడు ధ్వని తరంగం ఎత్తును సెకనుకు 44,100 సార్లు కొలుస్తారు. కొలిచిన ప్రతిసారీ ఆ ఎత్తు 65,536 మెట్లలో ఏ మెట్టు మీద వుందో రాసుకుంటారు. కుడి, ఎడమ స్పీకర్లు రెంటికీ కలిపి సెకనుకు 14,11,200 బిట్లు, అంటే అన్ని సున్నాలూ ఒకట్లూ అన్నమాట. 1982లో జపాన్‌లో మొదటి సి.డి. ప్లేయర్ అమ్మకానికి వచ్చిన నాటినుంచీ ఈ లెక్క ఇదే. ఈ అంకెల్ని తిరిగి హెచ్చుతగ్గుల విద్యుత్తుగా మార్చడమే డాక్ చేసే పని.

మరి కేబుల్ చౌకదయితే ఈ అంకెలు పాడవుతాయా? అలాంటి కేబుల్‌తోనే మీ మార్కుల జాబితాను ఒక కంప్యూటర్‌నుంచి ఇంకోదానికి పంపి చూడండి. 78 మార్కులు 77 అయిపోవు. అవతలి పరికరం గుర్తుపట్టవలసింది రెండే రెండు, సున్నా, ఒకటి. నల్లబల్ల మీద అక్షరం కాస్త చెరిగినా మీరు చదువుకుంటారు కదా, అలాగే. కేబుల్ నిజంగా పాడైతే పాటలో టక్కు టక్కుమని చప్పుళ్ళొస్తాయి, పాట మధ్యమధ్య తెగిపోతుంది. అంతేగాని గుయ్‌మనదు. సరిగ్గా చేరిన అంకెను ఖరీదైన కేబుల్ ఇంకా సరిగ్గా ఎలా చేరుస్తుంది?

సరే, ఆ ఇంటికి వెళ్ళి ముందు పాట ఆపేయమన్నాను. మోత ఆగలేదు! పాట అంకెలు రావడమే లేనప్పుడు ఈ మోత పాట అంకెల్లోది ఎలా అవుతుంది? తర్వాత లాప్‌టాప్ చార్జర్‌ను గోడ ప్లగ్గునుంచి తీసేశాం. లాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తూనే వుంది, మోత మాత్రం మాయం. మళ్ళీ పెట్టాం. మళ్ళీ గుయ్!

సంగతేమిటంటే, ఆ యు.ఎస్.బి. కేబుల్‌లో అంకెల్ని మోసే తీగలతోపాటు కరెంటు తీగలు కూడా వుంటాయి. వాటిలో ఒకటి సున్నా వోల్టుల తీగ. అది లాప్‌టాప్‌ను డాక్‌తోనూ, డాక్ ద్వారా ఆంప్లిఫయర్‌తోనూ కలిపేస్తుంది. లాప్‌టాప్ చార్జర్ ఒక గదిలోని మూడు పిన్నుల ప్లగ్గులో వుంది, ఆంప్లిఫయర్ హాల్లోని ప్లగ్గులో వుంది. రెండూ ఎర్త్‌కు కలిసేవే. ఆ రెండు ఎర్త్‌లూ ఒకే మట్టంలో వుంటాయని మనం అనుకుంటాం గాని, వాటి మధ్య కొద్ది మిల్లీవోల్టుల తేడా వుండవచ్చు. ఎర్త్‌నుంచి లాప్‌టాప్, డాక్, ఆంప్లిఫయర్, మళ్ళీ ఎర్త్: వలయం పూర్తయింది! తేడా వుంటే ఆ వలయంలో కరెంటు పారుతుంది. దీన్నే గ్రౌండ్ లూప్ అంటారు. మన ఇళ్ళలో కరెంటు సెకనుకు 50 ఆవృత్తులది కాబట్టి మోత కూడా ఆ బొంగురు స్థాయిలోనే వినిపిస్తుంది. ఆంప్లిఫయర్‌కు పాట ఏదో, మోత ఏదో తెలియదు. రెంటినీ పెంచేస్తుంది.

అప్పుడు కుర్రాడు మెల్లగా ఇంకో మాట బయటపెట్టాడు. ప్లగ్గులో పైన వుండే లావుపాటి మూడో పిన్ను తీసేస్తే మోత పోతుందని ఎవరో చెప్పారట. స్క్రూడ్రైవర్ అప్పటికే బల్లమీద వుంది! నిజమే, మోత పోతుంది. కాని అది ఎర్త్ పిన్ను. ఆంప్లిఫయర్ లోపల ఎప్పుడైనా ఒక తీగ ఊడి ఇనుప డబ్బాకు తగిలిందనుకోండి, కరెంటు ఆ పిన్ను దారినే ఎర్త్‌కు పోయి, ఫ్యూజు ఎగిరిపోతుంది. పిన్ను లేకపోతే డబ్బా అంతా 230 వోల్టులతో కాచుకొని వుంటుంది. ముందుగా దాన్ని తాకేది తాతగారే. ఈ ఒక్క పనీ మీ ఇంట్లో ఎవర్నీ చేయనివ్వకండి.

మేము చేసింది ఇంకొకటి. లాప్‌టాప్‌ను హాల్లోకి తెచ్చి, రెండు ప్లగ్గుల్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులో పెట్టాం. వలయం చిన్నదైంది, మోత చెవికి అందనంతగా తగ్గింది. పైసా ఖర్చు లేదు. అలా తగ్గకపోతే, సర్వర్‌కూ డాక్‌కూ అందుకు వీలుంటే, కాంతితో అంకెలు పంపే ఆప్టికల్ కేబుల్ వాడుకోవచ్చు. 1983లో తోషిబా సంస్థ తెచ్చిన పద్ధతి అది. కాంతి దారిలో కరెంటు పారదు కాబట్టి అక్కడ వలయమే ఏర్పడదు.

అంకెలు సరిగ్గా చేరడంతో డాక్ పని అయిపోదు, వేళ కూడా తప్పకూడదు. గ్రాఫు కాగితం మీద ఒక తరంగం గీయండి. దానిమీద సెంటీమీటరుకొక చుక్క పెట్టండి. ఇప్పుడు కొన్ని చుక్కల్ని, ఎత్తు మార్చకుండా, రెండు మిల్లీమీటర్లు పక్కకు జరిపి కలపండి. అంకెలన్నీ అవే, తరంగం మాత్రం వంకర పోయింది! డాక్‌లో ఏ అంకె ఏ క్షణాన బయటికి రావాలో క్వార్ట్జ్ స్ఫటికపు గడియారం చెబుతుంది. ఆ టిక్కులు తడబడితే 'జిట్టర్' అంటారు. సెకనుకు 10,000 కంపనాలున్న పూర్తి బలం గల ధ్వనిలో, సెకనులో 200 కోట్లవ వంతు తడబాటుకే ఎత్తు ఒక మెట్టు తప్పగలదు. మీ 15 సెంటీమీటర్ల స్కేలును కాంతి దాటడానికి అంతే కాలం పడుతుంది. భయపడకండి, 65,536 మెట్లలో ఒకటి తప్పితే మన చెవి పట్టుకోలేదు.

పాత పద్ధతుల్లో వేళను కూడా సర్వర్ పంపే అంకెల వరసనుంచే డాక్ పసిగట్టవలసి వచ్చేది. ఇప్పటి మంచి డాక్‌లలో గడియారం డాక్‌లోనే వుంటుంది. వచ్చిన అంకెల్ని కొంచెంసేపు నిలవ చేసుకుని, తన టిక్కుకు ఒకటి చొప్పున వదులుతుంది. వీధి నల్లా నీళ్ళు ఆగి ఆగి వచ్చినా, మేడమీద ట్యాంకునుంచి ధార నిలకడగానే పడుతుంది కదా!

మోత పోయాక తాతగారు మళ్ళీ పాట పెట్టించారు. "సన్నగా సర్‌ర్‌ర్‌మంటోంది, అదేమిటి?" అన్నారు. పాట ఆపమన్నాను. ఈసారి ఆ చప్పుడూ దాంతోపాటే ఆగిపోయింది. అంటే అది అంకెల్లోనే వుంది. ఘంటసాల 1974లో పోయారు. ఆ పాటలన్నీ సి.డి.లు రాకముందు రికార్డయినవే. పాత రికార్డింగులో వున్న సవ్వడిని కూడా సి.డి. వదలకుండా కొలిచి రాసుకుంది.

"అదుండనీ," అన్నారు పెద్దాయన, "పాట పెట్టు."