పిల్లల ధ్యాస - ఇంటి వాతావరణం

"వీడికి సబఖ్ మీద ధ్యాస లేదు, రెండు తగిలించండి" అని కొందరు తల్లిదండ్రులు ఉస్తాదును కోరుతుంటారు. దెబ్బ వేసేముందు రెండు విషయాలు ఆలోచించాలి. ఒకటి, ఆ పసివాడి మిజాజ్, అంటే పుట్టుకతో వచ్చిన స్వభావం. రెండవది, వాడు పెరుగుతున్న ఇల్లు.

అమెరికాలో అలెగ్జాండర్ థామస్, స్టెల్లా చెస్ అనే వైద్య దంపతులు 1956లో ప్రారంభించి, 133 మంది పిల్లలను పసితనం నుండి ఏళ్ల తరబడి పరిశీలించారు. స్వభావంలో 9 లక్షణాలను గుర్తించారు. పట్టిన పనిని వదలకపోవడం, చిన్న అలికిడికే దృష్టి మళ్లడం వాటిలోనివే. నూటికి సుమారు 40 మంది సౌమ్యులు, 10 మంది పెంకివారు, 15 మంది కొత్తకు నెమ్మదిగా అలవాటుపడేవారు. మిగిలినవారు ఏ కోవకూ పూర్తిగా చెందరు. స్వభావం ఒక్కటే భవిష్యత్తును నిర్ణయించదనీ, పెద్దల తీరు దానికి పొసగడమే ముఖ్యమనీ వారు తేల్చారు.

ఇక ఇంటి సంగతి. న్యూయార్క్‌లో రహదారిపై కట్టిన ఎత్తైన భవనాల్లో నివసించే పిల్లలపై 1973లో ఒక పరిశోధన వెలువడింది. వాహనాల రొద ఎక్కువగా వినిపించే కింది అంతస్తుల పిల్లలు శబ్దాల తేడాను పోల్చుకోవడంలోనూ, చదవడంలోనూ వెనుకబడ్డారు. రొదను పట్టించుకోకుండా ఉండడానికి అలవాటుపడిన చెవి, వినవలసిన మాటనూ జారవిడుస్తుందన్న మాట!

మన బస్తీల్లో ఒకే గదిలో వంట, నిద్ర, టీవీ, అమ్మీ కుట్టు మిషను అన్నీ సాగుతాయి. అక్కడి పిల్లవాణ్ణి మొద్దు అనడం అన్యాయం. కుట్టుతో ఇల్లు గడుపుకునే తల్లిని తప్పు పట్టడం అంతకంటే అన్యాయం. మిషను ఆపలేకపోయినా, అది ఆగిన వేళనే పాఠానికి కేటాయించవచ్చు. ఆ కాసేపు టీవీ, ఫోను కట్టేయవచ్చు.

సబఖ్ చిన్నదిగా ఉండాలి. ఒకసారికి ఒకే పని చెప్పాలి. చదువు తర్వాత ఆట తప్పనిసరి. ఆట మాన్పిస్తే పిల్లల మనసు చచ్చిపోతుందని, బుద్ధి మందగిస్తుందని ఇమామ్ గజాలీ ఏనాడో హెచ్చరించారు. 3, 4 ఏళ్ల పిల్లలకు రోజుకు 10 నుండి 13 గంటల నిద్ర అవసరమనీ, టీవీ, ఫోను గంటకు మించరాదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది.

బెత్తంతో పిల్లవాణ్ణి కదలకుండా కూర్చోబెట్టవచ్చు. కాని ధ్యాస కుదిరేది మనసు నిమ్మళంగా ఉన్నప్పుడే.